మా పాప పేరున నెలనెలా వచ్చే పుస్తకం

ఊరికే వచ్చేదాంట్లో ఏదో మెలిక ఉంటుందని మనకు గట్టి నమ్మకం. పాపకు నాలుగో నెలలో, ఇక్కడ అమెరికాలో, మా టెనెసీలో, పిల్లల డాక్టరు దగ్గర కూర్చుని ఉంటే పక్కనున్న తెలుగావిడ "డాలీ పార్టన్ పుస్తకాలకు పేరు రాయించారా?" అని అడిగింది. ముందు ఫ్రీ అంటారు, ఆనక క్రెడిట్ కార్డు నంబరు అడుగుతారు, మనకెందుకులే అనుకున్నా. ఇప్పుడు పాపకు మూడున్నరేళ్లు. ఇంతవరకూ కార్డు నంబరు ఎవరూ అడగలేదు. పుస్తకాలు మాత్రం అర నిండి మంచం కిందికి చేరాయి.

డాలీ పార్టన్ మొదలుపెట్టిన ఈ పుస్తకాల పథకం పేరు ఇమాజినేషన్ లైబ్రరీ. ఐదేళ్లు నిండేదాకా పిల్లలకు నెలకో పుస్తకం పోస్టులో ఇంటికొస్తుంది. జీతమెంతో అడగరు. పిల్ల పేరు, పుట్టినరోజు, అడ్రస్, మన వివరాలు ఇస్తే చాలు, ఐదు నిమిషాల పని. మొదటి పుస్తకానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుంది. నేనైతే ఆ లోపల అసలు అప్లై చేసిన సంగతే మర్చిపోయా. అమెరికాలో అందరికీ మొదట వచ్చేది ఒకటే కథ, 'ద లిటిల్ ఇంజిన్ దట్ కుడ్'. పెద్ద ఇంజన్లు కాదన్న బొమ్మల బండిని ఓ చిన్న ఇంజను కొండ దాటిస్తుంది.

పుస్తకం మీద ఉండేది మన పేరు కాదు, పిల్ల పేరు. మా ఇంట్లో దాని విలువ మొదట గ్రహించింది నాన్న. పోయినేడు వేసవిలో కందుకూరు నుంచి వచ్చి నాలుగు నెలలున్నాడు. రోజూ మధ్యాహ్నం మెయిల్ బాక్స్ చూసొచ్చే డ్యూటీ ఆయనదే. "మీ ఇద్దరికీ వచ్చేవి బిల్లులే. నా మనవరాలికి చూడు, పుస్తకం వచ్చింది" అనేవాడు. ఓ రోజు అడిగాడు. "ఎవరమ్మా ఈ డాలీ పార్టన్?"

"పాటలు పాడుతుంది నాన్నా. రాసేది కూడా ఆవిడే."

"పాటలు పాడే ఆవిడకు పుస్తకాల గొడవెందుకు?"

చెప్పడం మొదలుపెట్టా. 1946 జనవరిలో ఇక్కడి స్మోకీ కొండల్లో, సెవీర్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), ఒంటిగది ఇంట్లో పుట్టింది. పన్నెండు మందిలో నాలుగోది. కాన్పు చేసిన డాక్టరుకు వాళ్ల నాన్న ఇచ్చిన ఫీజు ఒక సంచి మొక్కజొన్న పిండి. ఆయన పొగాకు వేసేవాడు అనగానే నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మాదీ పొగాకు ఇల్లే మరి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంట చూసుకుంటూ ఎన్ని రాత్రులు మేలుకున్నాడో ఆయనకే లెక్క తెలియదు. ఈ తూర్పు టెనెసీలో ఎక్కువగా బర్లీ రకం, గాలికే ఆరబెడతారు, మంట పని లేదంటే, "అయితే రాత్రిపూట నిద్రయినా పోయుంటాడు" అన్నాడు.

ఆ పొగాకు రైతు లీ పార్టన్‌కు చదవడం, రాయడం రాదు. తనకు తెలిసినవాళ్లలో తన తండ్రంత తెలివైనవాడు లేడని కూతురు ఎప్పుడూ చెబుతుంది. ఆయన కోసమే 1995లో సొంత కౌంటీ పిల్లలకు ఈ పుస్తకాలు మొదలుపెట్టింది. అది అమెరికా దాటి కెనడా, బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. 2023 నాటికి పంచిన పుస్తకాలు 20 కోట్లు దాటాయి. ఇది విని నాన్న కాసేపు మాట్లాడలేదు. మా తాతది వేలిముద్ర. కాటా చీటీ మీద ఏం రాశారో పక్కవాళ్లను అడిగి తెలుసుకునేవాడు.

పాటల సంగతికొస్తే, నాకు ఇక్కడి పల్లెపాటల బాణీ, కంట్రీ సంగీతం, పెద్దగా ఎక్కదు. ఈవిడ పాటలు మాత్రం కారులో మోగుతూనే ఉంటాయి. 1964లో హైస్కూలు అయిపోయిన మర్నాడే నాష్‌విల్ వెళ్లిపోయింది. ఆ రోజే బట్టలుతుక్కునే లాండ్రీ బయట కార్ల్ డీన్ కనపడ్డాడు. రెండేళ్లకు పెళ్లయింది. 2025లో పోయేదాకా ఆ మనిషి కెమెరాల ముందుకు రావడమే అరుదు. 1967 నుంచి కంట్రీ గాయకుడు పోర్టర్ వాగనర్ టీవీ షోలో పాడింది. 1974లో బయటికొచ్చేస్తూ ఆయన కోసం రాసిన వీడ్కోలు పాటే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నాడు, కానీ పబ్లిషింగ్ హక్కుల్లో సగం ఇవ్వాలన్నాడు అతని మేనేజరు. ఇవ్వనంది. రాత్రంతా ఏడ్చిందట గానీ ఇవ్వలేదు. మనం హైక్ అడగడానికే నెల రోజులు టెన్షన్ పడతాం. 1992లో విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడింది, హక్కులు మాత్రం రాసినావిడ దగ్గరే ఉన్నాయి.

నాకు బాగా ఇష్టమైంది 1971లో వచ్చిన 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్'. వాళ్లమ్మ గుడ్డపీలికలతో, మన బొంతలా, ఓ కోటు తనే కుట్టి ఇస్తుంది. మురిసిపోతూ వేసుకెళితే బళ్లో పిల్లలు నవ్వుతారు. టూర్ బస్సులో కాగితం దొరక్క డ్రైక్లీనింగ్ రసీదు వెనక రాసుకుందట ఆ పాట. 2018లో పది కోట్లవ పుస్తకంగా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చింది ఈ పాటనే, బొమ్మల పుస్తకంగా.

సరే, రివ్యూ రాస్తున్నా కదా, ఇబ్బందులూ చెప్పాలి. పుస్తకం మనం ఎంచుకోలేం. ఐదో పుట్టినరోజుతో ఆగిపోతుంది, సరిగ్గా పిల్లలు సొంతంగా చదవడం మొదలెట్టే వయసులో. ఖర్చు పెట్టుకునే స్థానిక సంస్థ ఉన్న చోటే ఇస్తారు. మా టెనెసీలో 95 కౌంటీల్లోనూ ఉంది, వేరే రాష్ట్రంలో ఉన్న మా ఫ్రెండ్ వాళ్ల ఏరియాలో లేదు. మీ జిప్ కోడ్ కొట్టి చూసుకోండి. ఇల్లు మారినప్పుడు అడ్రస్ మార్చడం నేనే మర్చిపోయా, రెండు నెలల పుస్తకాలు పాతింటికి వెళ్లాయి. మీరు మర్చిపోకండి.

తెలుగు పుస్తకాలు ఆశించొద్దు. మా ఇంట్లో ఆ లోటు నాన్న తీర్చాడు. ఆయన చదువు ఏడో తరగతి. ఇంగ్లీషు జోలికి పోకుండా బొమ్మలు చూసి సొంత కథ చెప్పేవాడు. ఇంజను 'బుడ్డ రైలు' అయింది, కొండేమో సింగరాయకొండ. బండి స్టేషన్ దాటి ఎక్కుతుంటే "లాగుతా, లాగుతా, లాగుతా" అనాలి, ఇద్దరూ కలిసి. నాన్న వెళ్లిపోయి ఇన్ని నెలలైనా పాప బిగుతు బూటులో కాలు దూరుస్తూ ఇప్పటికీ అదే అంటుంది.

ఐదుకు నాలుగున్నర ఇస్తా. ఆ అర, ఆరో ఏడు కూడా ఇవ్వనందుకు.

వెళ్లేముందు నాన్నను సెవీర్ కౌంటీలోని సెవీర్‌విల్ తీసుకెళ్లా. కోర్టు ముందు డాలీ కంచు విగ్రహం ఉంది. చెప్పుల్లేకుండా, గిటారు పట్టుకుని రాతి మీద కూర్చుని ఉంటుంది. ఆ విగ్రహం పెట్టిన కొత్తలో వాళ్ల నాన్న రాత్రిపూట బకెట్‌లో సబ్బునీళ్లు, చీపురు ట్రక్కులో వేసుకొచ్చి, పావురాల రెట్ట కడిగి వెళ్లేవాడట. చదువు లేదని దిగులుపడ్డ ఆ మనిషి, పిల్లలంతా తన కూతురిని 'బుక్ లేడీ' అని పిలవడం కూడా విన్నాడు. 2000లో పోయాడు.

ఇదంతా చెబుతుంటే నాన్న విగ్రహం చుట్టూ ఓసారి తిరిగొచ్చాడు. తలెత్తి భుజాల వైపు చూశాడు.

"మరి ఇప్పుడెవరు కడుగుతున్నారమ్మా?" అన్నాడు.