కోసిన క్రిస్మస్ ట్రీ కొనేటోళ్లు జర చూసుకొని కొనుండ్రి (నల్గొండ)

అందరికి వందనాలు. నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు మన సంఘాలోళ్లు ఎవరన్నా ఈసారి నిజమైన ట్రీ తెప్పిద్దామనుకుంటే ముందుగాల ఇది చదువుండ్రి. మా మందిరంల సెమీ క్రిస్మస్‌కు యూత్ పిల్లలు తలా ఇంత వేసుకొని 6,500 పెట్టి చెట్టు తెప్పించిన్రు, అమ్మినాయన ఇది ఫర్ చెట్టు (చలి జాగలల్ల పెరిగే ఒక సూదులాకుల చెట్టు), నెల రోజులైనా ఒక్క ఆకు రాలదు అని గట్టిగ చెప్పిండు. మూడో రోజు పొద్దున తలుపు తీస్తే చాపల మీదంతా సూదులాకులే, స్టార్ కట్టిన కొమ్మ జర కదిలితే చాలు జలజల రాలుతున్నయ్, ఆఖరికి ఎండు కట్టెలకే లైట్లు చుట్టినం. పిల్లల మొహాలు చూడలేకపోయిన.

ఫోన్ చేస్తే మీరు నీళ్లు సరిగ పెట్టలే అన్నడు. చెట్టు మొదలుకాడ ఒక అంగుళం కోసి బకెట్ల నిలబెట్టి రోజూ నేనే పోసిన.

అమెరికాల నార్త్ కరోలినాల ఉండే మా చిన్నమ్మ కొడుక్కి ఫొటోలు పంపితే, అన్నా ఆకు ఊడిన కొమ్మను వేలితోని తడిమి చూడు అన్నడు. చిన్న చిన్న మొనలు మిగిలి గరుకు కాగితం లెక్క తగిలింది. అది స్ప్రూస్ (ఫర్ లెక్కనే కనిపించే ఇంకో రకం సూదులాకుల చెట్టు) గుర్తంట, ఫర్ అయితే ఆకు ఊడినకాడ నున్నగ గుండ్రటి మచ్చనే ఉంటది. స్ప్రూస్ ఇంట్ల వేడికి తొందరగ రాలుస్తది, వాళ్లకాడి అప్పలాచియన్ కొండల ఫ్రేజర్ ఫర్ అయితే నీళ్లు అందితే వారాల తరబడి పట్టుకుంటదంట.

ఫర్ అని తేలినా పూర్తిగ నమ్మొద్దు. ఆకు పట్టుకునే గుణం చెట్టుకు పుట్టుకతోని వస్తది, ఒకే తోటల పక్కపక్కన పెరిగిన రెండు ఫర్‌లల్ల ఒకటి నిలుపుతది ఇంకోటి రాలుస్తది, రాల్చే వంశపు చెట్టుకు ఎన్ని నీళ్లు పోసినా అంతే. అందుకే అమెరికాల వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొమ్మలు కోసి నీళ్లు లేకుండ గదిల 10 రోజులు పెట్టి, ఎంత రాలిందో చూసి, మంచిగ నిలిపిన చెట్లనే విత్తనానికి ఏరుతరు. అంత కష్టపడి ఏరినంక పెరిగే చెట్టుకూ, ఎక్కడిదో ఎప్పుడు కోసిందో తెల్వని చెట్టుకూ ఒకటే మాట చెప్పి అమ్ముతుంటే మనసు మండుతది.

మా పైసలు ఇంకా రాలే. మిర్యాలగూడ దిక్కు గూడ ఆయన ఆర్డర్లు పట్టుకుంటున్నడని విన్న, అడ్వాన్స్ ఇచ్చినోళ్లుంటే మిగిలింది చేతిల పెట్టకముందే నాలుగు ఆకులు పీకి ఆ జాగ వేలితోని తడిమి చూడుండ్రి.