విండోస్ ఫైల్ రికవరీ: అప్‌డేట్ తర్వాత ఫైళ్లు కనిపించకపోతే ఇది ఎంతవరకు పనికొస్తుంది?

ముందే చెప్పేస్తాను, డిలీట్ అయిన ఫైళ్లను వెతికి తిరిగి తెచ్చే ఈ విండోస్ ఫైల్ రికవరీ మంచి టూల్. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, పూర్తిగా ఉచితం, స్టోర్‌లో దొరుకుతుంది, చెప్పిన పని చేస్తుంది. నా రేటింగ్ ఐదుకి మూడున్నర. కానీ అప్‌డేట్ అయ్యాక డెస్క్‌టాప్ మీద ఏమీ కనిపించట్లేదని కంగారుపడి వెంటనే దీన్ని ఇన్‌స్టాల్ చేయకండి, ఎందుకంటే అలాంటప్పుడు చాలాసార్లు ఫైళ్లు అసలు డిలీట్ అయి ఉండవు, వేరే చోట భద్రంగా ఉంటాయి. ఒకవేళ నిజంగానే పోయి ఉంటే, అదే డిస్క్ మీద కొత్తగా ఏది రాసినా పాతవాటి మీద పడే ప్రమాదం ఉంది.

అందుకే ముందు సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి మన ప్రొఫైల్ (మన ఫైళ్లు, సెట్టింగ్‌లు ఉండే చోటు) సరిగ్గా లోడ్ కాక విండోస్ తాత్కాలిక ప్రొఫైల్‌లోకి తీసుకెళ్తుంది. కొత్త కంప్యూటర్‌లా అంతా ఖాళీగా ఉంటుంది, వాల్‌పేపర్ కూడా మారిపోతుంది, చూడగానే గుండె గుభేల్‌మంటుంది. మీ పాత పేరుతో ఉన్న ఫోల్డర్ మాత్రం యూజర్స్‌లో అలాగే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో ఒక విండోస్ 10 అప్‌డేట్ తర్వాత చాలామందికి జరిగింది ఇదే. ఆ తాత్కాలిక ప్రొఫైల్‌లో ఉండగా కొత్త ఫైళ్లేవీ అక్కడ సేవ్ చేయకండి, సైన్ అవుట్ అవగానే అవి పోతాయి. రీస్టార్ట్ చేస్తే కొందరికి దానంతటదే సర్దుకుంటుంది.

వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే డాక్యుమెంట్స్, పిక్చర్స్ వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలికి మారిపోయి ఉంటాయి. అక్కడ, దాని వెబ్‌సైట్‌లో ఉండే రీసైకిల్ బిన్‌లో కూడా వెతకండి, పర్సనల్ అకౌంట్‌కి 30 రోజులు ఉంచుతారు. పెద్ద వెర్షన్ అప్‌డేట్ అయితే సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్ కూడా ఉంటుంది, దాని లోపల మళ్లీ యూజర్స్, అందులో మీ పేరు. ఇది మామూలుగా 10 రోజులకే దానంతటదే పోతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. స్పేస్ సరిపోవట్లేదని డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఇన్‌స్టలేషన్ దగ్గర టిక్ పెట్టేస్తే మాత్రం అది ఆ క్షణమే పోతుంది, దయచేసి ఆ పని అస్సలు చేయకండి.

నిజంగా డిలీట్ అయిన సందర్భాలూ ఉన్నాయి. 2018 అక్టోబర్ 2న వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1809 అప్‌డేట్, డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను వేరే డ్రైవ్‌కి మళ్లించుకున్న కొందరి కంప్యూటర్లలో పాత చోట మిగిలిపోయిన ఫైళ్లను తుడిచేసింది. రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి నవంబర్ 13న మళ్లీ విడుదల చేశారు. అప్పుడు నష్టపోయినవాళ్లకి కంపెనీ ఇచ్చిన మొదటి సలహా, ఆ కంప్యూటర్‌ని వీలైనంత తక్కువ వాడమని. ఇప్పటికీ అంతకన్నా మంచి సలహా లేదు. అప్పటికి ఈ టూల్ లేదు, 2020లో వచ్చింది.

ఇక టూల్ సంగతి. బటన్లు, బొమ్మలు ఏమీ ఉండవు, నల్ల విండోలో కమాండ్ టైప్ చేయాలి. ఏ డ్రైవ్‌లో వెతకాలి, దొరికినవి ఏ డ్రైవ్‌లో పెట్టాలి, ఏ మోడ్ (త్వరగా వెతికే రెగ్యులర్ లేదా లోతుగా వెతికే ఎక్స్‌టెన్సివ్), ఏ ఫోల్డర్ లేదా ఏ రకం ఫైళ్లు, అన్నీ ఒకే లైన్‌లో. వెతికే డ్రైవ్, పెట్టే డ్రైవ్ ఒకటే అయితే ఒప్పుకోదు, అది మన మంచికే. ఫోల్డర్ దారి చివర స్లాష్ పెట్టడం మర్చిపోవద్దు, పేరులో స్పేస్ ఉంటే కోట్స్ పెట్టాలి. అసలే టెన్షన్‌లో ఉన్న మనిషికి ఇది పెద్ద పరీక్ష. ఒకటిన్నర మార్కు తగ్గించింది ఇందుకే.

దీని సత్తా ఎంతో తెలుసుకుందామని ఒక పెన్‌డ్రైవ్‌ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో (విండోస్ తన డిస్కులకి మామూలుగా వాడే ఫైల్ పద్ధతి) ఫార్మాట్ చేసి, ఫొటోలు, వర్డ్ ఫైళ్లు కాపీ చేసి, అన్నీ డిలీట్ చేసి చూశాను. రెగ్యులర్ మోడ్‌లో గబగబా, పేర్లతో సహా తిరిగొచ్చాయి. తర్వాత మళ్లీ డిలీట్ చేసి, ఈసారి పైన ఒక పెద్ద వీడియో కాపీ చేసి, ఎక్స్‌టెన్సివ్ మోడ్ పెట్టాను. చాలాసేపు నడిచింది. కొన్ని ఫొటోలు పేరూ సైజూ సరిగ్గానే ఉన్నాయి, తెరిస్తే పై సగం మనుషులు, కింద సగం బూడిద రంగు. కాబట్టి రికవర్ అయిన ఫైళ్ల లిస్టు చూసి సంతోషించకుండా ఒక్కోటీ తెరిచి చూసుకోవాలి.

ఇంకో పెద్ద పరిమితి ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం బదులు చిప్‌ల మీద డేటా దాచే డిస్క్), ఇది ఏ రికవరీ టూల్‌కైనా వర్తిస్తుంది. ఫైల్ డిలీట్ అవగానే ఆ చోటు ఇక అక్కర్లేదని విండోస్ ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ కమాండ్‌తో చెప్పేస్తుంది, అది తన వీలు చూసుకుని ఆ భాగాన్ని ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత వెతకడానికి ఏమీ మిగలదు. పాత హార్డ్ డిస్క్ అయితే ఆశ ఎక్కువ. కంప్యూటర్ ఆపేసి, డిస్క్ బయటికి తీసి, వేరే కంప్యూటర్‌కి తగిలించి అక్కడి నుంచి ఈ టూల్ నడపగలిగితే ఇంకా మంచిది.

డబ్బులు తీసుకునే సాఫ్ట్‌వేర్లు చూడటానికి అందంగా ఉంటాయి కానీ నేను చూసిన ఒకటి స్కాన్ అంతా ఉచితమని చెప్పి, ఫైళ్లన్నీ కళ్లముందు పెట్టి, సేవ్ నొక్కగానే డబ్బు కట్టమంది. ఆత్రంలో ఉన్నవాళ్లతో అలా వ్యవహరించడం నాకు అస్సలు నచ్చలేదు. దానికన్నా ఫొటోరెక్ నయం, ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్ ఫైల్ రికవరీకి దొరకనివి కూడా కొన్నిసార్లు దొరుకుతాయి. కాకపోతే ఫైళ్ల అసలు పేర్లు సాధారణంగా రావు, అంకెల పేర్లతో ఫోల్డర్లకొద్దీ వచ్చి పడతాయి. ఫొటోలైతే చూడగానే గుర్తుపట్టొచ్చు, వర్డ్ ఫైళ్లు, పీడీఎఫ్‌లు అయితే కూర్చుని ఒక్కొక్కటీ తెరవాల్సిందే.