స్వర్ణముఖి ఒడ్డున నది కాపలా శిక్షణ: కట్టిన ఆరువందలకు ఏం వచ్చింది, ఏం రాలేదు

అర్జీలు టైపు చేయడం నా వృత్తి. తిరుచానూరు దారిలో చిన్న జిరాక్సు దుకాణం. సోమవారం వస్తే కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లేవాళ్లు చాలామంది ముందు నా దగ్గర ఆగుతారు. పాసుపుస్తకం, పింఛను, గట్టు తగాదాలతోపాటు నది గురించి కూడా అర్జీలు వస్తాయి. ఆ చివరి రకంవి దాదాపు ఒకే తీరు: 'మా ఊరి పక్కనున్న నది పాడైపోతున్నది, కావున తమరు దయతలచి తగు చర్యలు తీసుకోగలరని ప్రార్థన.' ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరి వల్ల అన్నది అందులో ఉండదు. అలాంటి కాగితం ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి తిరిగి తిరిగి అలసిపోతుంది.

కిందటి ఏడు ఒక కాలేజీ కుర్రాడు తేదీ, సమయం, చోటు, నీటిలో ఆక్సిజన్ ఎంత ఉందో అంతా పట్టికగా రాసుకొచ్చి టైపు చేయమన్నాడు. ఆ కాగితానికి అధికారి ఎదురు ప్రశ్నలు వేశారట. ప్రశ్న వేశారంటే చదివారన్న మాటే. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఈ శిక్షణ గురించి చెప్పాడు. వెంటనే డబ్బు కట్టాను. రాష్ట్రమంతటా జిల్లాకొక బృందంతో నదుల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ దీన్ని నడుపుతోంది. పేరు రాయను, ఎందుకంటే తిట్టబోయే విషయాలు కూడా ఉన్నాయి.

రుసుము మనిషికి ఆరువందలు. పొంగలి, వడ, మధ్యాహ్నం పప్పన్నం అందులోనే. పరీక్షల పెట్టె వేరే, రెండు వేల నాలుగువందలు. ఐదుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. రెండు ఆదివారాల కార్యక్రమం, మొదటిది గదిలో, రెండోది నదిలో.

గదిలో గడిచిన పూట గురించి ఎక్కువ చెప్పను. విజయవాడ నుంచి వచ్చిన సమన్వయకర్త మేడమ్ బాగానే మాట్లాడారు, కాకపోతే తెర మీద చూపిన బొమ్మల్లో కృష్ణా గోదావరులే ఎక్కువ. ఆమె చెప్పిన ఒక సంగతి మాత్రం పట్టుకున్నాను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తం మీద 351 నదీ భాగాలను కలుషితమైనవిగా గుర్తించింది. మన రాష్ట్రం నుంచి గోదావరి, కృష్ణా, తుంగభద్ర, కుందూ, నాగావళి, ఈ ఐదే అందులో ఉన్నాయి. స్వర్ణముఖి లేదు. 'అంటే మనది శుభ్రంగా ఉన్నట్టేనా?' అని వెనక వరుసలోంచి ఎవరో అడిగారు. నీటిలో బీవోడీ, అంటే అందులోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, లీటరుకు మూడు మిల్లీగ్రాములు దాటితే ఆ జాబితాలో చేరుస్తారని, అది తేలాలంటే నమూనా తీయాలని, నమూనాకు నీళ్లు ఉండాలని మేడమ్ వివరించారు. మిగతా సమీక్షంతా ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతుంది.

ఆ పూటకే వన్నె తెచ్చింది శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ కళాకారిణి. సంస్థవారు చాకిరేవు నడిపేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను, పొదుపు సంఘాల మహిళలను, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులను కలిపి కూర్చోబెట్టడం ఈ శిక్షణలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఆమె తెచ్చిన బట్ట విప్పి చూపించింది. కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెట్టిన బట్ట మీద ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిమితో నల్ల గీతలు, పటిక రాసిన చోట ఎరుపు. ప్రతి దశ తర్వాత పారే నీటిలో ఉతకాలి. నిలవ నీటిలో ఉతికితే విడిపోయిన పటిక, రంగు పక్కకు పాకి మచ్చలవుతాయి. 'నదిలో అయితే ఆ పని నీళ్లే చేసేవి. ఇప్పుడు బోరునీళ్లు తొట్టెల్లోకి పట్టి మార్చి మార్చి జాడిస్తున్నాం, ఉప్పు ఎక్కువైన రోజు ఎరుపు నిలవడం లేదు' అంది. ప్రవాహం ఎంత ఉండాలన్న లెక్కను ఇంజినీరు చెప్పినా అంత సూటిగా నాకు అర్థమయ్యేది కాదు.

రెండో ఆదివారం తొండవాడ. భీమా, కల్యాణి నదులు స్వర్ణముఖిలో కలిసే చోటు, అగస్త్యేశ్వరుడి గుడి పక్కన. ముక్కోటికి తీర్థం వెళ్లినవాళ్లందరికీ తెలిసిందే. నీళ్లున్నాయి, ఈశాన్య రుతుపవనాలు ముగిసి ఎంతోకాలం కాలేదు. ఇక్కడ నేర్పినతను ఇరవై ఐదేళ్లు కూడా ఉండడు, ఓపిక మాత్రం అరవై ఏళ్ల పంతులుకున్నంత.

పెట్టెలో ఏముందంటే: పీహెచ్ కాగితాలు, థర్మామీటరు, మురికిని కొలిచే పొడవాటి గొట్టం, నైట్రేటుకు రంగుల పట్టీ, ఆక్సిజన్ పరీక్షకు చుక్కల సీసాలు, సూక్ష్మజీవుల పరీక్షకు పొడి వేసిన చిన్న సీసాలు. ఆక్సిజన్ పరీక్షే అన్నిటిలో కష్టం, అన్నిటిలో బాగుంది కూడా. సీసా నీటిలో ముంచి బుడగ మిగలకుండా నింపాలి. రెండు ద్రావణాలు వేస్తే నీటిలో ఆక్సిజన్ ఉన్నప్పుడు గోధుమరంగు మడ్డి దిగుతుంది. ఆమ్లం వేస్తే కరిగి పసుపుపచ్చగా మారుతుంది. గంజి చుక్క పడితే నీలం. ఆ నీలం పోయేదాకా చివరి ద్రావణాన్ని ఒక్కో చుక్కా వేస్తూ లెక్కపెట్టాలి. ఎక్కువ చుక్కలు పడితే ఎక్కువ ఆక్సిజన్. స్నానానికి పనికొచ్చే నీటిలో లీటరుకు కనీసం ఐదు మిల్లీగ్రాములు ఉండాలన్నది కాలుష్య మండలి ప్రమాణం. గుడి దగ్గర చుక్కలు వేసి వేసి వేలు నొప్పి పుట్టింది. ఆ తర్వాత జీపులో దిగువకు, పట్నం మురుగు కలిసే ఒక చోటికి తీసుకెళ్లారు. అక్కడ మొదటి రెండు ద్రావణాలు వేయగానే మడ్డి గోధుమరంగుకు తిరగనే లేదు, తెల్లగా ఉండిపోయింది. పట్టికలో చూడక్కర్లేకుండానే అందరికీ తెలిసిపోయింది. జీపులో తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

సమయం రాయడం మీద అతను చాలా పట్టుబట్టాడు. పాచి ఎక్కువున్న నీటిలో మధ్యాహ్నం ఎండకు పాచే ఆక్సిజన్ వదులుతుంది, అప్పుడు కొలిస్తే మురుగు కూడా మంచినీళ్లలా కనిపించవచ్చు. తెల్లవారుజామున కొలిస్తే అసలు సంగతి తేలుతుంది. ఎవరైనా మధ్యాహ్నం లెక్క చూపించి అంతా బాగుందని చెబితే ఏం అడగాలో ఇప్పుడు నాకు తెలుసు.

సూక్ష్మజీవుల సీసా ఇంటికి తీసుకెళ్లాలి. గీత దాకా నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చని చోట ఉంచితే, మలం వల్ల వచ్చే సూక్ష్మజీవులు ఉంటే నీరు నల్లబడుతుంది. ఈ పద్ధతిని 1982లో మన దేశ శాస్త్రవేత్తలే వెలుగులోకి తెచ్చారు. ప్రయోగశాల అక్కర్లేదు, తిరుపతి ఎండకు ఇంక్యుబేటరూ అక్కర్లేదు. వంటింటి అటక మీద పెట్టాను. మరునాడు మా ఆవిడ ఆ నల్లటి సీసాను చూసి, అది బయటికి పోతే తప్ప పొయ్యి వెలిగించనంది. ఆమె మాటలో న్యాయముంది. వాడిన సీసాలో బ్లీచింగ్ పొడి వేసి కాసేపు ఉంచి పారబోయాలని పెట్టెలోని కాగితంలో ఎక్కడా లేదు. తర్వాత ఫోను చేస్తే తొండవాడలో నేర్పిన కుర్రాడు చెప్పాడు.

పెట్టె తయారుచేసిన కంపెనీ మీద నాకున్న ఫిర్యాదు అది ఒక్కటే కాదు. సూచనల కాగితం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంది. మా బృందంలో సగం మంది చదవలేకపోయారు. నేనే తెలుగులో టైపు చేసి అందరికీ ఒక్కో ప్రతి ఇచ్చాను, ఇప్పుడు సంస్థవారు దాన్నే పంచుతున్నారు. నాకు దమ్మిడీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఆమ్లం ఉన్న పెట్టెలో చేతి తొడుగులు ఒకే సైజువి పెట్టారు, పొదుపు సంఘం మహిళల చేతుల్లోంచి జారిపోతున్నాయి. అన్నిటికన్నా ఘోరం, మాకొచ్చిన సూక్ష్మజీవుల సీసాల గడువు మూడు నెలల్లో ముగుస్తుంది. నెలకొకసారి కొలవమని చెప్పి, సగం సంవత్సరానికి కూడా రాని సరుకు అంటగట్టడం ఏమి వ్యాపారం?

ఇక అసలు విషయం. అన్ని జిల్లాల బృందాలూ ప్రతి నెలా లెక్కలు ఒకే ఆప్‌లో ఎక్కించాలి. రాష్ట్రం మొత్తం మీద ఒక రిజిస్టరు తయారవుతుంది, దాన్ని పట్టుకుని విజయవాడలో అధికారులతో మాట్లాడతారు. ఆలోచన బంగారం. కానీ ఫిబ్రవరి దాటాక మా నదిలో మిగిలేది ఇసుకే. ఆప్‌లో ప్రవాహం వెడల్పు, లోతు అన్న గళ్లు నింపకపోతే ముందుకు వెళ్లదు. సున్నా వేస్తే తప్పు అంటుంది. ఏటా ఎన్నో నెలలపాటు ఆ రిజిస్టరులో స్వర్ణముఖి ఉండదు. ఈ మాట మేడమ్‌కు ఫోనులో చెబితే, 'నీళ్లు వచ్చినప్పుడు పంపండి సార్' అన్నారు. పక్కనే ఉన్న చంద్రగిరి వైపు రైతు, పెద్దాయన, ఫోను నా చేతిలోంచి తీసుకుని, 'అమ్మా, నీళ్లు లేవనే కదా మా ఫిర్యాదు!' అన్నాడు. ఆమె నొచ్చుకోలేదు, రాసుకున్నారు. ఇప్పటికీ ఆ గడి మారలేదు.

పాకాల, చంద్రగిరి కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి బంగాళాఖాతంలో కలిసే ఈ నది ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక కిందే నడుస్తుంది. ఇసుక తవ్వితే చెలమల్లో ఊరే నీళ్లు, ఒడ్డున బావుల్లో మట్టం, పాతకాలపు ఊటకాలువలు, ఇవీ దీని కొలతలు. ఇసుక మందం తగ్గితే నీళ్లను పట్టి ఉంచే చోటే తగ్గుతుంది. అందుకే మా జిల్లా బృందం సొంతంగా ఒక పేజీ తయారుచేసుకుంది. ఒడ్డు బావుల్లోకి ముళ్లు వేసిన తాడు దించి నీటి మట్టం రాస్తాం. వంతెన స్తంభం మీద రంగుగీత గీసి, ఇసుక దానికి ఎంత కిందికి దిగిందో ప్రతి నెలా ఫొటో తీస్తాం. 2021 నవంబరు వరదల్లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఊరి పెద్దలు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తే ఆ గుర్తు కూడా రాసుకున్నాం. రాయలచెరువు గట్టు తెగుతుందేమోనని జనం ఊళ్లు ఖాళీ చేసిన ఆ వారం ఇక్కడెవరికీ మరపు రాదు. అప్పటిదాకా ఖాళీ స్థలం అనుకున్నది నది అని ఆ నీళ్లు వచ్చి చెప్పాయి. సంస్థ ఇచ్చిన పరీక్షల పెట్టెకన్నా ఈ పేజీ మాకు ఎక్కువ అక్కరకొస్తోంది. దానికి ఖర్చు తాడు, రంగు డబ్బా.

చిత్తూరు నుంచి వచ్చిన ముగ్గురి ఇబ్బంది ఇంకో రకం. వాళ్ల నీవా నది తమిళనాడులోకి వెళ్లి పొన్నైగా పాలారులో కలుస్తుంది. సరిహద్దు అవతలి వాళ్లతో కలిసి కొలిచే ఏర్పాటు ఉందా అని అడిగారు. లేదు. రాష్ట్రస్థాయి సంస్థకు రాష్ట్రమే హద్దు మరి.

నా వృత్తికి సంబంధించిన భాగం చివరి పూట వచ్చింది. దీనికి మాత్రం నిండు మార్కులు వేస్తాను. ఏ గొడవకు ఏ శాఖ అన్నది ఒక్క పేజీలో అచ్చువేసి ఇచ్చారు. పట్నం మురుగుకు నగరపాలక సంస్థ, ఫ్యాక్టరీ నీళ్లకు కాలుష్య నియంత్రణ మండలి, ఇసుకకు గనుల శాఖ, కట్టకు జలవనరుల శాఖ, బావులకు భూగర్భ జల శాఖ, ఆక్రమణకు రెవెన్యూ. నది పోరంబోకు అని ఊరికే రాయకుండా సర్వే నంబరు వేసి, ఎఫ్‌ఎంబీ పటం, అంటే ఆ నంబరు హద్దులు, కొలతలు చూపే సర్వే పటం, నకలు జతచేయమన్నారు. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగాలి, ముప్పై రోజుల గడువు. పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. నష్టపరిహారం కోరని పిటిషనుకు రుసుము వెయ్యి రూపాయలు, ఫిర్యాదుకు కారణం మొదట తలెత్తినప్పటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి. అక్కడికి పరుగెత్తే ముందు ఒక ఏడాది లెక్కలు చేతిలో ఉంచుకోమని సలహా ఇచ్చారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి పొసగవని నేను లేచి అడిగాను. ఏడాది లెక్కలంటే గొడవ మొదలయ్యాక కాదు, ముందు నుంచే కొలుస్తూ ఉండాలని జవాబు. ఒప్పుకున్నాను.

అప్పటి నుంచి నా దుకాణంలో నది అర్జీ నమూనా మారింది. 'దయతలచి' ఉంచాను, తీసేస్తే కొందరు పెద్దలు ఊరుకోరు. దాని కింద తేదీ, సమయం, చోటు, కొలత, సర్వే నంబరు గళ్లు పెట్టాను. ఆ గళ్లు నింపలేనివాళ్లను వెనక్కి పంపి వివరాలు తెచ్చుకోమంటున్నాను. బేరం పోతోంది, పోనీ.

ఐదుకు మూడున్నర వేస్తాను. ఆ పోయిన ఒకటిన్నరలో ఒకటి ఆప్‌కు, అర పెట్టెకు. ఏడాది పొడవునా నీళ్లుండే నది ఒడ్డున ఉండేవాళ్లు కళ్లు మూసుకుని చేరవచ్చు. మాలాంటి ఇసుక నదుల వాళ్లు శిక్షణ తీసుకోండి, పెట్టె మాత్రం ఐదుగురికి ఒకటి చాలు, అదీ అక్టోబరుకు కొంచెం ముందు కొనండి. ఈశాన్య వానలు మొదలయ్యే నాటికి మందులు తాజాగా ఉంటాయి. డబ్బు కట్టే ముందు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: సీసాల మీద గడువు తేదీ ఎంత, ఆప్‌లో 'ప్రవాహం లేదు' అన్న గడి పెట్టారా? రెండోదానికి పెట్టామని జవాబొస్తే నాకూ ఒక మాట చెప్పండి, మా బృందం దగ్గర ఎక్కించాల్సిన లెక్కలు చాలానే పోగుపడ్డాయి.