గవిలో (గుహలో) కాపురమా, బీడు ఆక్రమించుకోవడమా, డీకేటీ పట్టానా: ఏది మేలు?

మొన్న మా అక్క కొడుకు వచ్చి అడిగాడు: "మామా, యాగంటి దావలో ఆ గుట్ట కింద గవి ఖాళీగానే ఉంది, దాని ముందర రెండెకరాల బీడు కూడా ఉంది, పోయి కాపురం పెడితే పన్నెండేండ్లకు మనదైపోతుందంట గదా?" వాడు బనగానపల్లెలో ఇంటి బాడుగ కట్టలేక అడిగాడు. అందుకే కూర్చోబెట్టి మాట్లాడాను. అదే ఇక్కడ రాస్తున్నా, ఇలాంటి ఆలోచన చేసేవాళ్లు మన సీమలో వాడొక్కడే కాదు.

ముందు గవి సంగతి. మన దగ్గర గవుల్లో మనుషులు తలదాచుకోవడం కొత్తేమీ కాదు. జ్వాలాపురం దగ్గర రాతి చరియ కింద తవ్వితే వేల ఏళ్ల నాటి సన్నటి రాతి పనిముట్లు బయటపడ్డాయి, ముద్దనూరు పక్క చింతకుంటలో బండల మీద బొమ్మలే గీసి పోయారు. కానీ వాళ్లు ఉన్నది చరియ కింద, గాలీ వెలుతురూ తగిలే చోట. లోతు గవిలో ఉండటం వేరే కథ. బెలుం గుహల పొడవు 3229 మీటర్లు, చూడటానికి పోయినవాళ్లే చెమటతో తడిసిపోతారు, లోపలికి గాలి పంపాల్సి వచ్చింది. అక్కడ పొయ్యి పెట్టి పిల్లల్ని పెంచుతామా? బ్రహ్మంగారు కూడా రవ్వలకొండ గవిలో కాలజ్ఞానం రాశారంటారు గానీ, కాపురం పెట్టింది కందిమల్లయపల్లెలో.

ఇంకో చిక్కుంది. మన గవులు చాలావరకు సున్నపురాయిలో నీళ్లు తొలిచి ఏర్పడ్డవి. సిమెంటు ఫ్యాక్టరీకి కావాల్సింది ఆ సున్నపురాయే, బేతంచర్ల బండల క్వారీలు నడిచేదీ అలాంటి రాయి మీదే. నువ్వు పదేళ్లు ఊడ్చుకుని ఉన్న గుట్ట ఒకరోజు మైనింగ్ లీజులో తేలిందనుకో, నీ దగ్గర చూపించడానికి ఏముంటుంది? పొయ్యి మసి తప్ప.

ఇక బీడు దున్నుకుని హక్కు అడగడం. పన్నెండేళ్లు అన్నది ప్రైవేటు భూమికి. సర్కారు భూమైతే 1963 కాలపరిమితి చట్టం ప్రకారం ముప్పై ఏళ్లు. అదీ చాటుగా కాదు, అందరికీ తెలిసేలా, మధ్యలో తెగకుండా, అసలు యజమాని హక్కును ఎదిరించి ఉన్నట్టు నువ్వే రుజువు చేసుకోవాలి. ఆ ముప్పై ఏళ్లలో 1905 ఆక్రమణల చట్టం కింద ఎప్పుడైనా నోటీసు ఇచ్చి లేపేయవచ్చు. అది చెరువు, వాగు, మేత పోరంబోకు అయితే ఆశ వదులుకోవడమే మంచిది, ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయమని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది, అది న్యాయమే అని నా అభిప్రాయం కూడా. మేకలవాళ్లు ఎక్కడికి పోవాలి మరి?

మా తాత ఇరవై రెండేళ్లు ఒక గుట్ట అంచున నాలుగెకరాలు దున్నాడు, రాళ్లు ఏరి కట్ట వేసి కొర్ర, జొన్న పండించాడు. శివాయి జమ (పట్టా లేకుండా సర్కారు నేల దున్నినందుకు కట్టే శిస్తు) కట్టిన రసీదులు దూలం మీద పెడితే చెదలు తినేశాయి. తర్వాత అదే నేల ఇంకొకరి పేరు మీద పట్టా అయింది. ఆ కట్ట రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి, అటు పోయినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

మూడోది డీకేటీ పట్టా, అంటే సర్కారు తన భూమిని సాగుకు రాసిచ్చే కాగితం. భూమి లేని పేదలకు మెట్ట అయితే ఐదెకరాలు, మాగాణి అయితే రెండున్నర దాకా ఇస్తారు. పిల్లలకు వస్తుంది, కానీ 1977 చట్టం ప్రకారం అమ్మకూడదు. 2023లో సవరణ తెచ్చి ఇరవై ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చన్నారు, మరుసటి ఏడాదే ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు. కాబట్టి అమ్ముకుందామనే ఆశతో అడిగేవాళ్లకు ఇది టెన్షనే. దున్నుకుని బతికేవాడికి మాత్రం నా లెక్కలో ఇదే మేలు.

ఒక మెలిక చాలామందికి తెలియదు. పట్టాకు అర్జీ పెట్టావంటే భూమి సర్కారుదేనని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపు కోర్టుకు పోయి ముప్పై ఏళ్ల అనుభవం కింద నాదే అంటే ఆ అర్జీయే నీకు అడ్డం వస్తుంది. అందుకే రెండు దార్లూ ఒకేసారి నడవవు, ముందే ఒకటి తేల్చుకోవాలి.

నల్లమలలో చెంచుల సంగతి వేరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవి భూమిలో ఉంటూ సాగు చేసుకుంటున్న గిరిజనులకు నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు ఇస్తారు. అక్కడ ఉండటమే హక్కుకు ఆధారం. గిరిజనేతరులైతే 75 ఏళ్ల నుంచి ఉన్నట్టు చూపించాలి, మావాడికి అది కుదరదు.

ఇద్దరం పోయి అడంగల్ (ఊరి భూముల లెక్కల పుస్తకం) చూశాం. గవి ఉన్నది కొండ పోరంబోకు. ఊరికి దక్షిణాన ఇంకో సర్వే నంబరులో మూడెకరాల చిల్లర అనాధీనం, అంటే ఎవరికీ ఇవ్వని సర్కారు భూమి, అని ఉంది. దానికే వాడు అర్జీ రాశాడు. ఇచ్చినట్టు రసీదు అడిగి తీసుకోమన్నాను, ఒక జిరాక్స్ నా బీరువాలో పెట్టుకున్నాను.