ఫ్యాన్ ఆపేసి వినాల్సిన ఆల్బమ్: ది రెసిడెంట్స్ వాళ్ల 'ఎస్కిమో'

ముందే చెప్పేస్తున్నా, ఇందులో పాటలు లేవు. పల్లవి, చరణం వస్తాయేమో అని కూర్చుంటే రెండు నిమిషాల్లో విసుగొచ్చి ఆపేస్తారు. మొదటిసారి నేనూ అలాగే ఆపేశాను. రెండోసారి విన్నాక మాత్రం వారం రోజులు దీని గురించే మాట్లాడుతూ ఇంట్లోవాళ్ల బుర్ర తినేశాను.

ఇది 1979లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చింది. చేసిన ది రెసిడెంట్స్ బృందం పేర్లూ ముఖాలూ బయటపెట్టకుండానే దశాబ్దాలు గడిపింది. తలకాయ స్థానంలో పెద్ద కనుగుడ్డు, దాని మీద పొడుగు టోపీ, కింద సూటు, ఆ వేషం మొదట కనిపించింది ఈ ఆల్బమ్ అట్ట మీదే. లోపల ఉన్నది ఆర్కిటిక్ మంచులో బతికే మనుషుల జీవితం: వాల్రస్ (పొడుగు కోరల సముద్ర జంతువు) వేట, ఒక పుట్టుక, పిల్లని ఎత్తుకుపోయే ఆత్మ, చివర్లో ఒక పండుగ, ఇలా ఆరు భాగాలు, అన్నీ కలిపి నలభై నిమిషాల లోపే. ప్రతి భాగానికీ ఒక చిన్న కథ రాసి రికార్డుతో పాటే ఇచ్చారు, అది చదువుతూ వినాలి. మొదటిసారి నాకు ఎక్కకపోవడానికి కారణం అదే, ఫోన్లో ఊరికే ప్లే చేశాను, కథ చేతిలో లేదు.

రెండోసారి విన్నది మే నెలలో, రామగుండంలో, రాత్రి పదకొండు దాటాక. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నా సీలింగ్ ఫ్యాన్ చప్పుడు ఆల్బమ్‌లోని గాలితో కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు, లేచి ఫ్యాన్ ఆపేశాను. చెమటకి హెడ్‌ఫోన్స్ చెవులకి అతుక్కుపోయాయి. అయినా ఆ గాలి! నిజమైన గాలి కాదు, సింథసైజర్‌లో పుట్టించింది, కానీ అది ఒకసారి దూరంగా ఈలలాగా, ఒకసారి చెవి పక్కనే బుసలాగా వస్తుంటే, ఆ మంచులో మనిషి గొంతు ఎంత చిన్నదో తెలిసొస్తుంది. ఎవరో ఏదో అంటారు, మాట పూర్తయ్యేలోపే గాలి లాగేసుకుంటుంది. డప్పులాంటి దెబ్బలు అక్కడక్కడా పడతాయి (తాళవాద్యాల్లో క్రిస్ కట్లర్ చెయ్యి ఉంది), మళ్లీ గాలే. చలి గురించి ఒక్క వర్ణన వినిపించకుండా ఇంత చలి పుట్టించడం నేనెక్కడా వినలేదు.

ఇప్పుడు నన్ను బాధపెట్టిన సంగతి. అందులో వినిపించే మంత్రాలు అక్కడి మూలవాసులైన ఇన్యుయిట్‌ల ఏ భాషవీ కావు. కోకకోలా లాంటి అమెరికా ప్రకటనల నినాదాలని సాగదీసి, వంకర్లు తిప్పి, ప్రాచీన మంత్రాల్లా పాడారు. మన సంస్కృతులన్నీ చివరికి ప్రకటనల కింద కప్పబడిపోతాయని చెప్పడానికే అలా చేశారని చాలామంది అంటారు, ఆ మాటలో బలముంది కూడా. కానీ 'కోపంతో ఉన్న అంగకోక్' అనే భాగం వింటుంటే (అంగకోక్ అంటే ఇన్యుయిట్‌లలో ఆత్మలతో మాట్లాడే మనిషి) నాకు మా బోనాల్లో పూనకం వచ్చిన శివసత్తులు గుర్తొచ్చారు. ఎక్కడో ఉన్నవాళ్లు ఆ కేకల స్థానంలో సబ్బు ప్రకటన పెట్టి, 'ఇదీ తెలంగాణ' అని రికార్డు వేస్తే నాకు కడుపు మండుతుంది. మరి ఇన్యుయిట్‌లకి మండదా? 'ఎస్కిమో' అనే మాటనే చాలామంది ఇన్యుయిట్‌లు అవమానంగా చూస్తారు.

అందుకే దీన్ని వాళ్ల జీవితం అనుకుని వినకండి, మంచు గురించి బయటివాళ్లు కన్న కలగా వినండి. అసలైనది కావాలంటే గాయని తాన్యా టాగక్ ఆల్బమ్ 'యానిమిజం' ఉంది. ఆమెది కెనడాలో నునావుట్, ఆ మంచు ప్రాంతపు మనిషే. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి ఊపిరితో, గొంతుతో పోటీపడే కటజ్జాక్ అనే ఆట వాళ్లకుంది, ముందు నవ్వినవాళ్లు ఓడినట్టు. టాగక్ దాన్ని ఒక్కతే పాడుతుంది. 2014లో 'యానిమిజం'కి కెనడాలో పొలారిస్ ప్రైజ్ అనే సంగీత పురస్కారం వచ్చింది. అక్కడ చలి గాలిలో కాదు, ఊపిరితిత్తుల్లో వినిపిస్తుంది.

అయినా 'ఎస్కిమో' వద్దనను. చివరి భాగంలో అప్పటిదాకా దాచుకున్న రాగం మెల్లగా పైకి లేస్తుంది, దానికోసమే ముందు అరగంట ఓపిక పట్టొచ్చు. ఇదే సరుకుని 1980లో డిస్కో బీటు మీద 'డిస్కోమో'గా వదిలారు, అది తర్వాత వినొచ్చు, తొందరేం లేదు. మొబైల్ స్పీకర్లో మాత్రం పెట్టకండి, అంత గాలీ మూకుడులో నూనె కాగుతున్నట్టు వినిపిస్తుంది.