ఇండోనేషియా పాత రాక్: సంకలనమా, ఆర్కైవా?

1970ల ఇండోనేషియా సైకెడెలిక్ రాక్ (మత్తెక్కించే వింత ధ్వనుల రాక్), ఫంక్ (ఊపున్న డ్యాన్స్ బీట్ సంగీతం) వినాలనుకునేవాళ్లకి ఇప్పుడు రెండు మంచి దారులున్నాయి. ఒకటి, అమెరికా సంస్థ నౌ అగైన్ రికార్డ్స్ 2011లో తెచ్చిన సంకలనం. రెండోది, జకార్తాలో 2013లో మొదలైన ఇరామా నుసంతారా అనే పాత పాటల ఆన్‌లైన్ ఆర్కైవ్.

సంకలనం మొదటి పాట నుంచే దుమ్ము రేపుతుంది. పాన్‌బర్స్, సురబయా బ్యాండ్ ఏకేఏ, బాండుంగ్ కుర్రాళ్ల షార్క్ మూవ్... అన్నీ గరగరలాడే ఫజ్ గిటార్ల హోరే. బీటిల్స్ తరహా పాటలు వాయించారని 1965లో అప్పటి అధ్యక్షుడు సుకర్నో ప్రభుత్వం కోస్ సోదరులనే బ్యాండ్‌ను జైల్లో పెట్టింది. ఆయన తర్వాత సుహార్తో అధికారంలోకి వచ్చాక పాశ్చాత్య సంగీతానికి తలుపులు తెరుచుకున్నాయి. ఆ నేపథ్యం తెలిసి వింటే ఈ హోరు ఇంకా బాగుంటుంది.

కానీ ఇది బయటి దేశాల రికార్డు సేకర్తలు తమ అభిరుచికి తగ్గట్టు ఏరుకున్న సరుకు. ఇవే బ్యాండ్లు తమ ఊళ్లో మెత్తటి ప్రేమ పాటలు కూడా బోలెడు పాడాయి. ఆ సంగతి ఆర్కైవ్‌లోనే తెలుస్తుంది. అక్కడ కవర్ బొమ్మలతో సహా పూర్తి ఆల్బమ్‌లు ఉచితంగా వినొచ్చు. చిక్కల్లా, ఏది ముందు వినాలో చెప్పేవాళ్లుండరు.

నా ఓటు ఆర్కైవ్‌కే. బ్యాండ్ల పేర్లు మాత్రం సంకలనం నుంచి తీసుకోండి.