చిన్న చేతికి ఏ గేమింగ్ మౌస్ మేలు? జీ304, కోబ్రా, ఎంఎం710 పక్కపక్కన పెట్టి చూస్తే

నా చెయ్యి మణికట్టు గీత నుంచి మధ్యవేలి కొస దాకా 16.5 సెం.మీ. బొటనవేలు వదిలేస్తే అడ్డంగా 7.5. అమ్మ కుట్టుమిషన్ డ్రాయర్‌లో ఉన్న టేపుతో కొలిచాను. తమ్ముడి చెయ్యి 19.5. ఒకే టేబుల్ మీద వంతులేసుకుని ఆడతాం. వాడికి నచ్చిన మౌస్ నేను అరగంట పట్టుకోలేను, నాకు నచ్చింది వాడి అరచేతిలో కుదురుగా నిలవదు. ఈ మధ్య మూడు చిన్న మౌస్‌లు మా ఇంటికి చేరాయి. తమ్ముడిది వైరు లేని లాజిటెక్ జీ304. నేను కొనుక్కున్నది రేజర్ కోబ్రా. ఆఫీసు స్నేహితురాలు మూడు వారాలకి ఇచ్చింది కూలర్ మాస్టర్ ఎంఎం710. మూడింటితోనూ వాలరంట్ అనే తుపాకుల ఆట ఆడాను, మూడింటితోనూ ఆఫీసు పని చేశాను.

ముందు కొలతలు. జీ304 పొడవు 116.6, వెడల్పు 62.15, ఎత్తు 38.2 మిల్లీమీటర్లు. ఎంఎం710 కూడా అదే 116.6 పొడవు, వెడల్పు 62.6, ఎత్తు 38.3. కోబ్రా పొడవు 119.6, వెడల్పు 62.5, ఎత్తు 38.1. కాగితం మీద మూడూ సొంత అన్నదమ్ములే. వెడల్పులో తేడా అర మిల్లీమీటరు కూడా లేదు. బరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దారులు వేరు: బ్యాటరీతో కలిపి జీ304 99 గ్రాములు, వైరు వదిలేస్తే కోబ్రా 58, ఎంఎం710 53.

ఆడేవాళ్ల మధ్య ఒక వాడుక లెక్క ఉంది: మౌస్ పొడవు చేతి పొడవులో 60 శాతం ఉంటే చెయ్యి ఇబ్బంది పడదు అని. శాస్త్రమేమీ కాదు, అనుభవం మీద పుట్టిన లెక్క. దాని ప్రకారం నా చేతికి 9.9 సెం.మీ. మౌస్ కావాలి. తమ్ముడి చేతికి 11.7. అంటే కంపెనీలు "చిన్నది" అని అమ్ముతున్న ఈ 116, 117 మిల్లీమీటర్ల మౌస్ ఆ లెక్కలో నాకోసం కాదు, వాడికోసం చేసినట్టు! ఇది తెలిశాక నా వెతుకులాట మారిపోయింది. ఈ మూడింట్లో సైజు నాకు ఎలాగూ దొరకదు. దొరికేదల్లా బరువు తగ్గించుకునే వీలు.

బరువు ఎందుకంత ముఖ్యమో చేతిని చూస్తే తెలుస్తుంది. డీపీఐ అంటే మౌస్ అంగుళం కదిలితే కర్సర్ ఎన్ని చుక్కలు కదలాలన్న లెక్క. నేను 800 డీపీఐలో, సెన్సిటివిటీ (ఆటలో గురి కదిలే వేగం) బాగా తగ్గించి ఆడతాను. ఆటలో వెనక్కి తిరగాలంటే మౌస్‌ని ప్యాడ్ మీద ఒక జానెడుకి పైగా లాగాలి. అంచు రాగానే ఎత్తి, వెనక్కి తెచ్చి, మళ్లీ పెట్టాలి. పెద్ద చెయ్యి ఉన్నవాళ్లు అరచేతితో, అయిదు వేళ్లతో చుట్టి ఎత్తుతారు. నాకు అరచెయ్యి మౌస్ వెనక అంచుకి ఆనీ ఆనకుండా ఉంటుంది. ఎత్తే పని మొత్తం బొటనవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేళ్లదే. 99కి 58కి మధ్య 41 గ్రాములు, అంటే చిన్న కోడిగుడ్డంత. ఒక్కసారి ఎత్తితే ఏమీ అనిపించదు. రాత్రి పదకొండింటికి మూడో మ్యాచ్ నడుస్తున్నప్పుడు చిటికెన వేలి మొదట్లో ఆ గుడ్డు బరువు తెలుస్తుంది. పైగా జీ304లో బ్యాటరీ వెనకవైపు, అరచేతి కిందుగా కూర్చుంటుంది. వేళ్ల కొసలతో ఎత్తితే మౌస్ తోక దిగి, ముక్కు ముందు లేస్తుంది. అరచెయ్యి ఆనించి ఆడే తమ్ముడికి ఈ సంగతి తెలియనే తెలియదు.

కోబ్రా కొనడానికి సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ మెట్రోలో దిగి సీటీసీకి నడిచి వెళ్లాను. కంప్యూటర్ సామాన్ల షాపులుండే ఈ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో మేలు ఏమిటంటే, కాస్త ఓపిగ్గా అడిగితే విప్పి ఉన్న పీస్ ఒకటి చేతికి ఇస్తారు. కౌంటర్ దగ్గరి అబ్బాయి మొదట పెట్టె మీది అంకె చూపించాడు. "అక్కా, గిది చూడు, పన్నెండు వేల డీపీఐ. గిదేమో పదహారు వేలు."

"డీపీఐ వద్దు తమ్మీ, చేతికిచ్చి చూపియ్యి" అన్నాను.

డీపీఐ 400 నుంచి 1600 మధ్య పెట్టుకుని ఆడేవాళ్లే ఎక్కువ. పెట్టె మీది అంకె పెట్టుకోగల అత్యధిక డీపీఐ. ఈ మూడింట్లో జీ304ది 12,000, ఎంఎం710ది 16,000, కోబ్రాది 8,500. నేను తీసుకున్నది అన్నిటికన్నా తక్కువ అంకె ఉన్నదే, ఒక్క రోజు కూడా లోటు తెలియలేదు.

షాపులో చూడాల్సినవి వేరు. మౌస్‌ని రెండు పక్కలా బొటనవేలితో, ఉంగరపు వేలితో గట్టిగా నొక్కండి. కిర్రుమంటే, లేదా గోడ లోపలికి వంగి పక్క బటన్ దానంతటదే నొక్కుకుపోతే, వదిలేయండి. చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గలగలమనకూడదు. స్క్రోల్ వీల్‌ని ఒక్కో మెట్టు తిప్పండి, మెట్టు మెట్టుకీ వేలికి తెలియాలి, పక్కలకి ఊగకూడదు. ఎడమ బటన్ మీద వేలు ముందుకీ వెనక్కీ జరుపుతూ నొక్కి చూడండి. చిన్న చేతివాళ్ల వేలు బటన్ చివర దాకా వెళ్లదు, మధ్యలోనే పడుతుంది. కొన్ని మౌస్‌లకి కొసన తేలిగ్గా దిగే బటన్ మధ్యలో బిగుసుకుపోతుంది. ఇది పెద్ద చేతివాళ్లు రాసే రివ్యూల్లో కనపడదు, ఎందుకంటే వాళ్ల వేలు అక్కడ పడదు. చివరగా వైరు పట్టుకుని చూడండి. మౌస్ ఎత్తినప్పుడు వైరు తాడులా వాలాలి, ఇనపతీగలా నిలబడకూడదు.

ఇంటికొచ్చాక ఇంకో పరీక్ష ఉంది. పాత సీడీలు రెండు తీసి, మౌస్ అడుగున ఉండే నున్నటి పట్టీల్లో (పాదాలు) ముందుదాని కింద ఒకటి, వెనకదాని కింద ఒకటి, మధ్యలో కదలికను చదివే సెన్సర్ కింద ఖాళీ వదిలి మౌస్ పెట్టండి. సీడీ మందం 1.2 మి.మీ. ఆ ఎత్తులో కదిపి చూసి, తర్వాత రెండేసి సీడీలు పెట్టండి. ఆ ఎత్తులో కూడా కర్సర్ కదులుతుంటే, ఆటలో మౌస్ ఎత్తిన ప్రతిసారీ గురి పక్కకి జరిగిపోతుంది. రెండేసి సీడీల మీద మా మూడింటికీ కర్సర్ ఆగింది.

మన్నిక సంగతి నాకు మనసుకి తగిలిన విషయం. రెండేళ్ల కిందట ఒక పేరున్న కంపెనీ మౌస్ కొన్నాను. ఎనిమిదో నెలలో ఒక్క నొక్కుకి రెండు క్లిక్‌లు పడటం మొదలైంది. ఫైలు పట్టుకుని లాగుతుంటే మధ్యలో జారిపోయేది. సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తిరిగాను, బిల్లు మీద షాపు సీల్ సరిగ్గా లేదని వెనక్కి పంపారు. ఆ డబ్బు నా మొదటి జీతంలోది. అప్పుడే లోపల ఏముంటుందో తెలుసుకున్నాను. మామూలు స్విచ్‌లో పల్చటి లోహపు రేకు కిందికి వంగి ఇంకో లోహాన్ని తాకుతుంది. తాకినప్పుడు అది సన్నగా ఎగిరెగిరి పడుతుంది. రేకు అరిగినా, దాని మీద చిలుము పట్టినా ఆ ఎగురుడు పెరిగి, ఒక నొక్కు రెండుగా లెక్కకొస్తుంది. ఆప్టికల్ స్విచ్‌లో లోహం తాకే పని లేదు, కంటికి కనపడని కాంతి రేఖను బట్టి క్లిక్ నమోదవుతుంది. కోబ్రాలో ఉన్నది ఇదే. జీ304, ఎంఎం710లలో ఉన్నవి రేకు స్విచ్‌లు. అంతమాత్రాన అవి పాడవుతాయని కాదు, ఏళ్ల తరబడి నడిచేవీ ఉన్నాయి. ఒకసారి దెబ్బతిన్నదాన్ని కాబట్టి నా మొగ్గు ఆప్టికల్ వైపే.

ఇక ఎంఎం710. చేతికి హాయిగా అనిపించింది నిజానికి ఇదే. అయిదు గ్రాముల తేడా కూడా వేళ్లకి తెలిసింది. 2019లో వచ్చిన మౌస్ అయినా ఆటలో ఎక్కడా వెనకపడలేదు. అయితే బరువు తగ్గించడానికి పైకప్పంతా తేనెపట్టులా చిల్లులు పెట్టారు. మే నెలలో కూకట్‌పల్లి మేడమీది గదిలో, కూలర్ గాలిలో ఆడుతుంటే చేతి చెమట ఆ చిల్లుల అంచుల్లో చేరుతుంది. మా వీధిలో అపార్ట్‌మెంట్ కడుతున్నారు, కిటికీ తెరిస్తే సిమెంటు దుమ్ము. మూడో వారానికి చిల్లుల్లోంచి చూస్తే లోపలి బోర్డు మీద బూడిదరంగు పొర, ఒక తల వెంట్రుక కనిపించాయి. బ్లోయర్ కొట్టి, కాటన్ బడ్‌తో ఒక్కో చిల్లూ తుడిచి స్నేహితురాలికి తిరిగిచ్చాను. ఏసీ గది ఉండి, కిటికీ మూసి ఆడేవాళ్లయితే నేను ఎంఎం710 వైపే చెప్తాను. నా గదికి మాత్రం మూసిన పెంకు ఉన్న కోబ్రా సరైనది. అయిదు గ్రాములు వదులుకుని శుభ్రం చేసే గంట మిగుల్చుకున్నాను.

ఆఫీసు పనికి మాత్రం మూడూ అంతంతే. పొద్దుటి నుంచి ఎక్సెల్ ముందు కూర్చునేవాళ్లకి అరచెయ్యి వాల్చుకునే మూపురం కావాలి. చిన్న మౌస్ మీద అరచెయ్యి సగం గాల్లో ఉంటుంది, మణికట్టు ప్యాడ్‌కి రాసుకుంటుంది. ఆ పనికి పాత పెద్ద మౌస్‌ని ఉంచుకున్నాను.

తమ్ముడు జీ304 వదలడు. వైరు ఉంటే వాడికి ఊపిరాడదు. ఒక్క ఏఏ బ్యాటరీతో 250 గంటల దాకా వస్తుందని కంపెనీ మాట. ఛార్జింగ్ గొడవ లేదు, సెల్ అయిపోతే కిందికి దిగి కిరాణా కొట్లో కొనుక్కొస్తాడు. కొనబోయేవాళ్లు ముందు ఎవరిదగ్గరైనా లాజిటెక్‌దే వైరున్న జీ102 ఉంటే పట్టుకుని చూడొచ్చు. ఆకారం అచ్చంగా అదే, వైరు వదిలేస్తే 85 గ్రాములు, ధర కూడా తక్కువ.

వాడి మౌస్ బరువు తగ్గించడానికి ఒక ఉపాయం చేశాం. ఏఏ సెల్‌కి బదులు ఏఏఏ సెల్‌ని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి ఎక్కించాం. రెండూ 1.5 వోల్టులే కాబట్టి మౌస్‌కి తేడా పడదు. మామూలు ఏఏ సెల్ 23 గ్రాముల దాకా ఉంటుంది, ఏఏఏ దాంట్లో సగం. తొడుగు బరువు పోగా పది గ్రాముల దాకా తగ్గింది, తోక బరువూ తగ్గింది. సెల్ మాత్రం ఏఏతో పోలిస్తే సగం రోజులు కూడా రాదు. తొడుగు వదులుగా ఉంటే మౌస్ కింద పెట్టిన కుదుపుకి కరెంటు తెగి, ఆట మధ్యలో కర్సర్ ఆగిపోతుంది, అందుకని తొడుగుకి ఒక చుట్టు టేపు వేశాం. ఊరెళ్లేటప్పుడు సెల్ తీసేసి వెళ్తాడు, కారితే లోపలి స్ప్రింగ్ పాడవుతుందని.